మోపు దించే చోట్లు

దుర్గం ఎక్కేటప్పుడు ఎస్తేరు మాట్లాడదు.
వంద అడుగులకోసారి ఆగి
కొమ్మకి అగ్గిపెట్టంత డబ్బా కడతాది.
గంటగంటకీ అది ఎండా చలీ రాసుకుంటాదంట,
కలం లేకుండానే.
కందుకూరు పిల్ల. మంచుకొండల్లో మూడేళ్ళు పనిచేసొచ్చింది.
ఆడ ఊపిరి కూడా లెక్కేసుకోని పీల్చాలంట.
ఈడ, ఉదయగిరి ఎండలో,
నాకంటే ముందే రొప్పుతాది.

నేను చెంచాలు చెక్కేదాన్ని.
నర్ది, బిక్కి, దేవదారు.
ఏ కట్టె ఉలి కింద మీగడ మాదిరి లేస్తాదో
ఏది మొండికేస్తాదో నా వేళ్ళకి తెలుసు.
ఈ చెట్టు ఈడే ఎందుకుంది, ఆడెందుకు లేదని
నన్నెవురూ అడగలా.
ఈ పిల్ల అడిగింది.

సగం కొండలో ఒక బండ.
దాని వీపంతా అలలు.
మైపాడులో నీళ్ళు వెనక్కి పోయినాక
ఇసకలో మిగిలే గీతలే, అచ్చం.
ముప్పై ఏళ్ళు దానిమీదే కూచోని సద్ది తిన్నా, చూళ్ళా.
"ఇది సముద్రం అడుగు, దస్తగిరమ్మా."
"మైపాడు ఇంత దూరం వచ్చిందా?"
"మైపాడు పుట్టకముందు సంగతి.
ఇసక రాయయింది. రాయి మడతబడి లేచింది."
దుప్పటి మడిచినట్టు చేతులతో చూపించింది.
దిగ్గున లేచి నిలబడ్డా.
చెప్పులు విడవాలనిపించింది.
విడిస్తే కాళ్ళు కాలతాయి.

"నీ చిన్నప్పుడు బిక్కి ఎంత ఎత్తులో ఉండేది?"
పుస్తకం తెరిచి కూచుంది.
నా దగ్గర పుస్తకమేది?
మోపు దించే చోట్లుండాయి.
మా తాత రెండు చోట్ల దించి ఊరు చేరేవాడు.
మా అమ్మ మూడు చోట్ల.
నేను ఐదు.
మోకాళ్ళ నొప్పిలే అని నవ్వినా.
ఆమె నవ్వలా.
రెండు, మూడు, ఐదు అని రాసి
కింద గీత గీసింది.

"అయితే కట్టె పైకెక్కి పోతా ఉందా?"
"అయ్యుండొచ్చు. మంచుకొండల్లోనూ పూలు
చల్లదనం ఎతుక్కుంటా ఎక్కతా ఉండాయి.
కానీ ఈడ మేకలుండాయి, కార్చిచ్చుంది."
కాసేపాగి,
"నీ కొడవలి కూడా ఉంది."

దిగేదాకా నేను మాట్లాళ్ళా.
కొట్టింది ఎండా, నేనా?
"తేలాలంటే పదేళ్ళు చూడాల" అనింది వాగు దగ్గర.
తెలీదని చెప్పడానికి
ఇంత కొండెక్కిన మనిషిని
నేనింతవరకూ చూళ్ళా.

ఇంటికాడ మా తాత గరిటె తీసిచ్చినా.
భూతద్దం పెట్టి తిప్పితిప్పి చూసింది.
"ఈ గీతలు ఆనాటి వానలేనా?"
"మంచుకొండ చెట్టు ఏడాదికో గీత, తప్పకుండా గీస్తాది.
మీ చెట్లు రెండు వానలొస్తే రెండు గీస్తాయి,
కరువొస్తే ఎగ్గొడతాయి."
చీటీపాట గోవిందయ్య లెక్క మాదిరి అన్నమాట.
దేనికీ పనికిరాదంటానే
చీకటి పడేదాకా గరిటె కింద పెట్టలా.

పైన, కోటగోడ పగుల్లో, ఒకే ఒక బిక్కి.
దానికి పైన కొండ లేదు.
ఆకాశముంది గానీ
అందులో వేరు దిగదు.
నేను దాన్ని కొట్టను.
కొట్టనని ఎవురికీ చెప్పలా.
రాలిన పుల్లొకటి తెచ్చిస్తే
కాయితం సంచీలో వేసి, ఎత్తూ తేదీ రాసి,
సేకరించినవారు అన్న చోట
నా పేరు పూర్తిగా రాసింది, ఇంటిపేరుతో.
రేషను కార్డులో కూడా అంత సరిగ్గా లేదు.

ఇప్పుడామె హైదరాబాదులో ఉంది. నెలకోసారి
నేనే ఎక్కి డబ్బాలు విప్పుకొస్తా.
నిన్న దిగతా దిగతా ఆరోచోట కూచున్నా.
నెత్తిన మోపు లేదు.
చెంగులో ఏడు డబ్బాలు,
పిడికెడు బరువు కూడా లేవు.
అయినా
దించినా.